పాత సైకిలు కొనాలంటే ముందు ఫ్రేము చూడాలి



ఏటా జూన్ నెలలో బడులు, కాలేజీలు తెరవగానే సీనియర్లమైన మమ్మల్ని చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. "అన్నా, నాన్న కొన్ని పైసలు ఇచ్చిండు. పాత సైకిలు కొందామనుకుంటున్న. ఏ కంపెనీది తీసుకోవాలె?" అని. ఏ కంపెనీ అని అడగడానికి ముందు ఎలాంటి ఫ్రేము అని అడగాలి. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మన మచ్చ బొల్లారం చుట్టుపక్కల దారులు చదునుగా ఉండవు. ఇది దక్కన్ పీఠభూమి. అల్వాల్ వైపు పోయినా, బొల్లారం స్టేషన్ వైపు పోయినా, కొంపల్లి మీదుగా మేడ్చల్ రోడ్డెక్కినా ఎక్కుడు దిగుడు తప్పదు. దానికి తోడు గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, కంకర తేలిన సందులు ఉండనే ఉన్నాయి. రోజూ ఈ దారుల్లో తొక్కే సైకిలు నడుము, మణికట్లు నొప్పి పుట్టిస్తే సాయంత్రం పుస్తకం ముందు కూర్చోలేం. ఫోర్కు విరిగితే పళ్లు రాలతాయి. పైగా మనం ఖర్చు పెట్టేది తల్లిదండ్రుల కూలి డబ్బు. ఒకసారి తప్పు సైకిలు కొంటే రెండోసారి అడగలేం. కావున డబ్బు చేతిలో నుంచి పోకముందే నాలుగు విషయాలు తెలుసుకుందాం.

ఫ్రేమే ఎందుకు ముఖ్యం?

సైకిలుకు ఫ్రేము వెన్నెముక లాంటిది. టైరు, ట్యూబు, చైను, పుల్లలు, బ్రేకు రబ్బర్లు, సీటు, పెడళ్లు అన్నీ వీధి చివరి సైకిల్ షాపులో మార్చుకోవచ్చు. ఒకేసారి కాకపోయినా నెలకొకటి చొప్పున మార్చుకోవచ్చు. ఫ్రేము వంగినా, పగిలినా, మన ఎత్తుకు సరిపోకపోయినా మాత్రం ఎన్ని కొత్త సామాన్లు వేసినా లాభం లేదు. మెరిసే రంగు, కొత్త సీటు, రంగురంగుల హ్యాండిల్ తొడుగులు చూసి వంగిన ఫ్రేము కొనేవాడు నష్టపోతాడు. దుమ్ము పట్టిన సైకిలైనా నిటారుగా ఉన్న ఫ్రేము చూసి కొనేవాడు లాభపడతాడు.

మన దగ్గర దొరికే పాత సైకిళ్లు

పాత ఉక్కు సైకిళ్లు మన ప్రాంతంలో మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటి రకం నల్లని పెద్ద సైకిలు. పాలవాళ్లు, తాపీ మేస్త్రీలు తొక్కే సైకిలు ఇదే. కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, స్ప్రింగుల సీటు, వెనక క్యారేజి ఉంటాయి. దాదాపు 20 కిలోల బరువుంటుంది. ఇది ఇంగ్లండు నమూనా. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలోనే వీటి తయారీ పెద్ద ఎత్తున మొదలైంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ ఏర్పడ్డాయి. బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్ రాలే కంపెనీ రాలే సైకిళ్లు తయారు చేసింది. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్‌లో ఆగిపోయింది. అయినా వారి పాత సైకిళ్లు ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

రెండవ రకం తేలికపాటి రోడ్డు సైకిలు. బి.ఎస్.ఏ. ఎస్.ఎల్.ఆర్. వంటివి ఈ కోవలోకి వస్తాయి. చక్రం కాస్త చిన్నది, టైరు సన్నది, బరువు తక్కువ.

మూడవ రకం కిందికి వంగిన హ్యాండిలు ఉండే రేసు సైకిలు. ఇది అరుదు. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్ వంటి పాత సామాన్ల సంతల్లో అదృష్టం ఉంటే ఒకటి ఎదురుపడవచ్చు. దాని మీద రేనాల్డ్స్, కొలంబస్, టాంగే వంటి గొట్టం పేర్ల స్టిక్కరు ఉంటే అమ్మేవారు ఎక్కువ ధర చెబుతారు. ఆ పేర్ల విలువ ఎంతో తెలియాలంటే ఉక్కు గురించి కొంచెం తెలియాలి.

ఉక్కు రహస్యం

రేనాల్డ్స్ అనేది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కంపెనీ. గొట్టం చివర్లలో మందంగా, మధ్యలో పలుచగా ఉండేలా తయారు చేసే పద్ధతికి ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో పేటెంటు తీసుకున్నారు. అతుకు పడే చోట బలం కావాలి కనుక అక్కడ మందం ఉంచి, అవసరం లేని నడిమి భాగంలో బరువు తగ్గించారు. 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో 531 అనే గొట్టం తెచ్చారు. దానిలో మందం చివర్లలో సుమారు 0.8 నుంచి 0.9 మి.మీ., మధ్యలో 0.5 నుంచి 0.6 మి.మీ. మాత్రమే. రేనాల్డ్స్ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే ఇంగ్లండు గ్రూపులో చేరింది. అంబత్తూరు సైకిల్ కంపెనీ పేరులోని టి.ఐ. కూడా ఆ గ్రూపు పేరే.

ఇప్పుడు మన భౌతికశాస్త్ర పాఠం గుర్తు చేసుకుందాం. వంగకుండా నిలబడే గుణాన్ని యంగ్ గుణకంతో కొలుస్తాం. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్‌లు. మామూలు ఉక్కు అయినా, ఖరీదైన మిశ్రమ ఉక్కు అయినా ఈ సంఖ్య దాదాపు ఒకటే. తేడా ఉండేది తన్యతా బలంలో, అనగా తెగకుండా, శాశ్వతంగా వంగిపోకుండా ఎంత భారం మోయగలదు అన్న దానిలో. మంచి ఉక్కు బలమైనది కాబట్టి గొట్టాన్ని పలుచగా చేయవచ్చు. పలుచగా చేస్తే బరువు తగ్గుతుంది, గొట్టం కొంచెం ఎక్కువ సాగి తిరిగి వస్తుంది. "ఈ సైకిలు ప్రాణం ఉన్నట్టు పోతుంది" అని తొక్కేవారు చెప్పేది చాలావరకు గొట్టం పలుచదనం వల్లనే.

గొట్టం వెడల్పు కూడా ముఖ్యం. మందం ఒకటే అయినప్పుడు పలుచని గొట్టం గట్టిదనం దాని వ్యాసం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. పాత సైకిళ్లలో పై గొట్టం తరచుగా 25.4 మి.మీ., సీటు గొట్టం 28.6 మి.మీ. ఉంటాయి. 28.6ను 25.4తో భాగించి ఘనం చేస్తే దాదాపు 1.43 వస్తుంది. అంటే వ్యాసం 3 మి.మీ. పెరిగితే గట్టిదనం 43 శాతం పెరిగింది. బరువు పెరిగింది మాత్రం 13 శాతమే.

అయితే గొట్టం స్టిక్కరు చూసి మోసపోరాదు. 1990లలో ఒక అమెరికన్ సైకిల్ పత్రిక వారు ఇటలీ తయారీదారు మొండోనికో చేత ఏడు సైకిళ్లు చేయించారు. కొలతలన్నీ ఒకటే. గొట్టాలు మాత్రం కొలంబస్ వారి ఏడు రకాలు, చవకవి, ఖరీదైనవి. ఏది ఏ గొట్టమో చెప్పకుండా తొక్కించి చూస్తే, అనుభవం ఉన్నవారికి కూడా తేడా పట్టుకోవడం కష్టమైంది. దీన్ని బట్టి కొలతలు, టైర్లు ఒకటే అయినప్పుడు గొట్టం పేరు వల్ల వచ్చే సుఖం చాలా స్వల్పమని అర్థమవుతుంది.

మరి సుఖం ఎక్కడి నుంచి వస్తుంది?

1. టైరు: గుంతలో పడ్డప్పుడు మూడు కోణాల ఫ్రేము నిలువుగా వంగేది చాలా తక్కువ. టైరు మాత్రం కొన్ని మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. సీటు స్ప్రింగులు ఇంకా ఎక్కువ నొక్కుకుంటాయి. కావున వెడల్పు టైరు పట్టే ఫ్రేము సుఖమైన ఫ్రేము. టైరుకూ ఫ్రేముకూ మధ్య, టైరుకూ మడ్గార్డుకూ మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చూడండి.

2. ఫోర్కు వంపు: ఫోర్కు కింది భాగం ముందుకు వంగి ఉంటుంది. నల్ల సైకిలుకు ఆ వంపు ఎక్కువ, రేసు సైకిలుకు తక్కువ, సుమారు 4.5 సెం.మీ. మాత్రమే. పొడవైన వంపు ఉన్న సన్నని ఫోర్కు కుదుపును కొంత మింగుతుంది. మన చేతులకు ఆ మేరకు విశ్రాంతి.

3. హ్యాండిలు గొట్టం వాలు: రేసు సైకిలులో నేలతో 73 డిగ్రీల కోణం దాకా నిటారుగా ఉంటుంది. చేయి ఆడిస్తే చాలు తిరుగుతుంది. నల్ల సైకిలులో అంతకంటే వాలుగా, 66 నుంచి 68 డిగ్రీలు ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతుంది, తిన్నగా పోతుంది.

4. చక్రాల మధ్య దూరం: ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా రేసు సైకిలుకు సుమారు 1 మీటరు, నల్ల సైకిలుకు సుమారు 1.15 మీటర్లు. దూరం ఎక్కువైతే మనం వెనక చక్రం నడినెత్తిన కూర్చోము, అందువల్ల కుదుపు తక్కువ తగులుతుంది.

ఇందులో ఏది మేలు అంటే పనిని బట్టి చెప్పాలి. దగ్గరి దూరం, గుంతల రోడ్డు, క్యారేజి మీద పుస్తకాల మూట లేదా బియ్యం సంచి ఉంటే నల్ల సైకిలే మేలు. పలుచని ఫ్రేము మీద వెనక బరువు పెడితే తోక ఊగినట్టు ఊగుతుంది. రోజూ మేడ్చల్, శామీర్‌పేట దాకా పోయి వచ్చేవారికి రెండవ రకం తేలిక సైకిలు మేలు, ఎక్కుడు దగ్గర ఆ కిలోల తేడా కాళ్లకు తెలుస్తుంది. రేసు సైకిలు పోటీల మీద ఆసక్తి ఉన్నవారికి, దాని సామాన్లు దొరికే షాపు తెలిసినవారికి మాత్రమే. విదేశీ ఫ్రేముల మరలు వేరు కావచ్చు. ఇటలీ ఫ్రేముల్లో పెడళ్ల ఇరుసు గూటి మర, బి.ఎస్.ఏ. మర అని పిలిచే ఇంగ్లండు కొలతకు సరిపడదు.

టైరు సైజు కూడా ముందే చూసుకోవాలి. టైరు పక్కన 40-635, 37-590, 32-630, 28-622 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రెండవ అంకె కలవకపోతే ఆ టైరు ఆ రిమ్ముకు ఎక్కదు. ఆ సైజు మన అల్వాల్, బొల్లారం షాపుల్లో దొరుకుతుందని తెలుసుకున్నాకే బేరం ఆడండి.

మన ఎత్తుకు తగిన ఫ్రేము

పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు దాకా ఉన్న పొడవే ఫ్రేము సైజు. నల్ల సైకిళ్లలో 22, 24 అంగుళాల ఫ్రేములు ఎక్కువ. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు 24 అంగుళాలది చాలాసార్లు పెద్దదవుతుంది. ఫ్రేముకు అటూ ఇటూ కాళ్లు పెట్టి, రెండు పాదాలు నేలకు పూర్తిగా ఆనించి నిలబడండి. పై గొట్టానికీ శరీరానికీ మధ్య కనీసం 3 నుంచి 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. లేకపోతే అకస్మాత్తుగా దిగినప్పుడు దెబ్బ తగులుతుంది.

తర్వాత సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద పెట్టి కిందికి తొక్కి పట్టండి. మోకాలు దాదాపు తిన్నగా కావాలి. సీటు పూర్తిగా దించినా మడమ అందకపోతే ఆ ఫ్రేము మీది కాదు. "ఎదుగుతావు లేరా" అని పెద్దవాళ్లు అన్నా ఒప్పుకోకండి. ఎదిగేలోపు ప్రమాదం జరగవచ్చు. చెల్లెళ్లకు పై గొట్టం లేని లేడీస్ ఫ్రేము ఎక్కడం దిగడం సులువు. అయితే అది వంగే గుణం కొంచెం ఎక్కువ కనుక కింది పరీక్షలు ఇంకా జాగ్రత్తగా చేయాలి.

ఆరు పరీక్షలు

వీటికి కావలసినవి ఒక దారం, ఒక స్కేలు, ఒక అయస్కాంతం, ఒక గుడ్డ. వీలైతే వెర్నియర్ కాలిపర్స్.

మొదటి పరీక్ష, కన్ను: సైకిలును పక్క నుంచి చూడండి. హ్యాండిలు గొట్టం గీతను కిందికి పొడిగించుకుంటే ఫోర్కు పై సగం అదే గీతలో ఉండాలి, కింది సగం మాత్రమే ముందుకు వంగాలి. ఫోర్కు వెనక్కి నెట్టుకుపోయినట్టుంటే ఆ సైకిలు దేన్నో ఎదురుగా గుద్దింది. తర్వాత వెనక నిలబడి చూడండి. రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి.

రెండవ పరీక్ష, వేలు: హ్యాండిలు గొట్టం వెనక, పై గొట్టం, కింది గొట్టం అడుగు భాగాన వేలితో నెమ్మదిగా రాయండి. అల లాంటి ముడత తగిలినా, అక్కడ రంగు అడ్డంగా పగిలినా గొట్టం నలిగిందని అర్థం. వదిలేయండి. పెడళ్ల ఇరుసు గూడు చుట్టూ, వెనక ఇరుసు కూర్చునే చీలికల దగ్గర, అతుకుల అంచుల్లో గుడ్డతో తుడిచి వెంట్రుక లాంటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

మూడవ పరీక్ష, దారం: వెనక ఎడమ ఇరుసు చీలిక దగ్గర దారం కట్టి, ముందుకు తెచ్చి హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, కుడి చీలికలో అదే చోటికి తెచ్చి బిగించండి. చైను కవరు అడ్డం వస్తే తీయించండి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా స్కేలుతో కొలవండి. సమానంగా ఉంటే ఫ్రేము నిటారు. తేడా 2, 3 మి.మీ. దాటితే వెనక భాగం ఒక పక్కకు వంగింది. అలాంటి సైకిలు ఎప్పుడూ ఒక వైపు లాగుతుంది.

నాలుగవ పరీక్ష, అయస్కాంతం: పాత సైకిలుకు కొత్త రంగు వేసి ఉంటే అనుమానించాలి. అయస్కాంతాన్ని గొట్టాల వెంట నడిపించండి. ఎక్కడైనా పట్టు బాగా తగ్గితే రంగు కింద పుట్టీ పెట్టి సొట్ట పూడ్చారన్నమాట. చేతి గోటితో కొట్టి చూడండి. మంచి గొట్టం ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది చప్పగా పలుకుతుంది. సీటు గొట్టం నుంచి సీటు కడ్డీ బయటికి వస్తుందో లేదో తప్పక చూడండి. తుప్పుతో పట్టేసిందంటే ఎత్తు సరిచేయలేం.

ఐదవ పరీక్ష, వెర్నియర్: సీటు గొట్టం బయటి వ్యాసం, సీటు కడ్డీ వ్యాసం కొలిచి, తేడాను రెండుతో భాగిస్తే గొట్టం మందం దాదాపుగా తెలుస్తుంది. ఉదాహరణకు గొట్టం 28.6, కడ్డీ 25.4 అయితే మందం సుమారు 1.6 మి.మీ. కడ్డీ 27.2 అయితే సుమారు 0.7 మి.మీ. ఉక్కు సాంద్రత ఘన సెం.మీ.కు 7.85 గ్రాములు. లెక్క వేస్తే మొదటి గొట్టం మీటరుకు సుమారు 1,065 గ్రాములు, రెండవది సుమారు 480 గ్రాములు, అంటే సగం కంటే తక్కువ. స్టిక్కరు అబద్ధం చెప్పవచ్చు కానీ వెర్నియర్ చెప్పదు.

ఆరవ పరీక్ష, తొక్కి చూడటం: ముందు చక్రం ఎత్తి హ్యాండిలును అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఖట్‌మని ఆగితే బాల్స్ కూర్చునే కప్పులు అరిగాయి. అది మార్చుకోదగిన లోపమే, ధర తగ్గించమని అడగవచ్చు. తర్వాత బ్రేకు చూసుకుని ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా తొక్కండి. ఒక పక్కకు లాగుతుందా, వణుకుతుందా గమనించండి. వణుకు చక్రం ఔటు వల్ల అయితే పుల్లలు బిగించి తీయవచ్చు. లాగడం ఫ్రేము వల్ల అయితే వదిలేయాలి.

అతుకు వేసిన ఫ్రేము సంగతి

పాత ఫ్రేములను గొట్టాలను లగ్గుల్లో దూర్చి, ఇత్తడి కరిగించి అతికారు. తెలిసిన గ్యాస్ వెల్డింగు మేస్త్రీ అదే పద్ధతిలో చిన్న చిన్న చోట్ల బాగు చేయగలడు. ఉక్కు ఫ్రేముకున్న గొప్పతనం ఇదే. ఉక్కు సాధారణంగా విరిగే ముందు పగులు చూపి హెచ్చరిస్తుంది కూడా. కాని పలుచని గొట్టాన్ని ఆర్క్ వెల్డింగుతో అతికితే కాలి రంధ్రం పడుతుంది, లేదా పక్కనే మళ్లీ పగులుతుంది. అతుకు లావుగా గడ్డకట్టినట్టు కనిపిస్తే కొనవద్దు. ఫోర్కుకు అతుకు ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఫోర్కు విరిగితే మనం ముఖం మీదనే పడతాం.

రసీదు మరిచిపోవద్దు

ఫ్రేము నంబరు సాధారణంగా పెడళ్ల ఇరుసు గూడు అడుగున గానీ, సీటు కింద గొట్టం మీద గానీ గుద్ది ఉంటుంది. నంబరు రాకి తుడిచేసి ఉంటే ఆ సైకిలు ముట్టుకోవద్దు, అది దొంగ సొత్తు కావచ్చు. "అన్నా, ఫ్రేము నంబరు వేసి ఒక రసీదు రాసియ్యి" అని మర్యాదగా అడగండి. నిజమైన అమ్మకందారుకు అభ్యంతరం ఉండదు. అమ్మినవారి పేరు, తేదీ, ధర, నంబరు, సంతకం ఉన్న ఆ చిన్న కాగితం చాలా విలువైనది. హాస్టల్ పిల్లవాడి చేతిలో మంచి సైకిలు చూసి "ఇది ఎక్కడిదిరా?" అని ఎవరైనా అడిగితే, తల దించుకోకుండా జవాబు చెప్పడానికి అదే ఆధారం. రసీదును ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్లతో పాటు దాచుకోండి.

కొన్న తర్వాత

మొదట బ్రేకు రబ్బర్లు మార్చండి. తర్వాత టైర్లు, ఆ తర్వాత హ్యాండిలు, పెడళ్ల ఇరుసు, చక్రాల బాల్స్‌కు కొత్త గ్రీజు. ఎక్కుడు కష్టంగా ఉంటే వెనక ఫ్రీవీలు మార్చవచ్చు. 18 పళ్లది తీసి 20 పళ్లది వేస్తే ఒక్కో తొక్కుకు పడే బలం పదో వంతు తగ్గుతుంది. వర్షాకాలం ముందు సీటు కడ్డీ తీసి గొట్టం లోపల కొంచెం నూనె పోసి, సైకిలును అటూ ఇటూ వంచి తిప్పండి. రంగు పోయిన చోట తుడిచి రంగు పూయండి. ఉక్కుకు తుప్పే పెద్ద శత్రువు.

అభ్యాసం

1. గొట్టం వ్యాసం 28.6 మి.మీ., సీటు కడ్డీ 26.2 మి.మీ. అయితే గొట్టం మందం ఎంత?
2. మిశ్రమ ఉక్కుకు, మామూలు ఉక్కుకు యంగ్ గుణకం దాదాపు ఒకటే అయినప్పుడు మిశ్రమ ఉక్కు ఫ్రేము ఎందుకు తేలిక?
3. మన హాస్టల్ సైకిళ్లలో ఏదైనా ఒకదానికి దారం పరీక్ష చేసి రెండు వైపుల కొలతలు రాయండి.

మూడవ ప్రశ్న ఈ ఆదివారమే చేయండి. పది నిమిషాల పని. ఎవరి సైకిలులోనైనా ఫోర్కు దగ్గర పగులు కనిపిస్తే, ఆ రోజు నుంచే దాన్ని తొక్కనివ్వకండి. తోటివాడు క్షేమంగా బడికి చేరడం మనందరి బాధ్యత. సైకిలు కొనబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. దారం, అయస్కాంతం మేము తెస్తాం.